ఘాట్ ఎక్కించిన నల్లపెట్టె

నేను ఒక నల్లటి ఇనప పెట్టెను. కంప్యూటర్ దుకాణాల్లో నన్ను ఎస్ఎంపీఎస్ అంటారు. ఆ అక్షరాలకు అర్థమేమిటని అడిగితే అమ్మేవాడు కూడా తల గోక్కుంటాడు. నా పని మాత్రం నేను చెప్పగలను. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటును పుచ్చుకుని, కంప్యూటర్‌లో ఉన్న ప్రతి భాగానికీ దానికి అరిగేంత వడ్డిస్తాను. పెళ్లిలో వంటవాడి లాంటివాణ్ణి అనుకోండి. వచ్చినవాళ్లు పందిరిని మెచ్చుకుంటారు, పెళ్లికూతురి చీరను మెచ్చుకుంటారు. వంటవాడు గుర్తొచ్చేది పప్పు మాడినప్పుడే.

పుట్టింది సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో. పుట్టగానే ముద్దు చేసినవాళ్లెవరూ లేరు. వేడిగదిలో పెట్టి, మోయగలిగినంత భారం మోయించి, కాలిపోకుండా బయటపడ్డాకనే పాసయ్యానని స్టిక్కరు అంటించారు. ఆ స్టిక్కరంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఒంట్లో సరుకు ఉంది కాబట్టి ఎత్తితే బరువుగా ఉంటాను. రంగు లైట్లు మాత్రం లేవు, అదే నా కొంప ముంచింది.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో అభిజిత్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి. ఆటలాడటానికి కంప్యూటర్ కడుతున్నానని ఇంట్లో చెప్పాడు కానీ, అతను ఆడగా నేను చూసింది తక్కువ. ఏ భాగం తీసి ఏ భాగం పెట్టాలా అని వీడియోలు చూడటంలోనే అతని పొద్దు గడిచిపోయేది. ప్రాసెసర్ మార్చాడు. దానికి తగ్గ బోర్డు మార్చాడు. బోర్డుకు తగ్గ ర్యామ్, ర్యామ్‌కు తగ్గ లైట్లు. చివరికి అద్దాల క్యాబినెట్ తెచ్చి అన్నీ అందులో అమర్చి, దూరంగా నిలబడి చూశాడు. అన్నీ వెలుగుతున్నాయి, అడుగున నేనొక్కణ్ణే దిష్టిబొమ్మలా ఉన్నాను. ఆ వారమే తెల్ల వైర్లతో, మెరిసే ఫ్యాన్‌తో ఇంకొకడు వచ్చి నా చోట కూర్చున్నాడు. దీన్ని మనుషులు అప్‌గ్రేడ్ అంటారు. నాకు ఒళ్లు మండింది. ఒక్కరోజు కూడా పస్తు పెట్టకుండా అందరికీ వడ్డించినవాణ్ణి కదా.

అలా ద్వారకానగర్‌లో మునీర్ అనే దుకాణదారు దగ్గరికి పాత సామానుగా చేరాను. వారంటీ ఇంకా ఉందని గౌరవంగా అల్మారాలో పెట్టాడు గానీ, వచ్చినవాళ్లందరి చూపూ కార్డుల మీదా లైట్ల మీదా పడేది. నా మీద దుమ్ము పడేది. ఇంతలో ఒకరోజు తనూజ ఒక పెద్ద క్యాబినెట్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికొచ్చింది.

తనూజది నర్సీపట్నం. అక్కడే రక్తపరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్. వాళ్ల నాన్న పైడినాయుడు చింతపల్లి బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా లంబసింగి ఘాట్ మీదే గడిచింది. మంచు దిగితే ముందు చక్రం ఎక్కడుందో కూడా కనబడని రోడ్డు అది. ఆ ఏడాది కంటి పరీక్షలో ఎరుపూ ఆకుపచ్చా తేడా చెప్పలేడని తేలింది. డాక్టర్లు అన్‌ఫిట్ అని రాశారు. జీతం పోలేదు, డిపో గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే బస్సుకూ పోయే బస్సుకూ గేటు తీయడం ఆయన పని. మాటకారి మనిషి మాట మానేశాడు. దసరాకి డిపోలో బస్సులకు పూజ చేస్తుంటే ఒంట్లో బాగోలేదని ఇంట్లో పడుకున్నాడు.

బస్సు తోలే ఆటలు ఉంటాయని తనూజకు తెలిసింది. కొండదారులు, మలుపులు, మంచు అన్నీ తెరమీద వస్తాయట. స్టీరింగూ, కాళ్ల కింద మూడు పెడళ్లూ కూడా దొరుకుతాయట. నాన్న చేతికి మళ్లీ స్టీరింగ్ ఇవ్వాలనుకుంది. ల్యాబులో తీరిక దొరికినప్పుడల్లా చదివి తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఎంచుకుంది, ప్రాసెసర్ ఎంచుకుంది, రంగురంగుల ఫ్యాన్లున్న క్యాబినెట్ ఎంచుకుంది. ఎస్ఎంపీఎస్ ఒక్కటే ఎంచుకోలేదు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చింది. ఫ్రీ అనే మాట వినగానే ఎంత తెలివైనవాళ్లకైనా కళ్లు మూసుకుపోతాయి. ఆ ఫ్రీ పెట్టె పైన పటారం, లోన లొటారం. దాని మీద రాసిన అంకె నా మీద ఉన్న అంకె కన్నా పెద్దది, బరువు మాత్రం నాలో సగం లేదు.

అన్నీ అమర్చాక పైడినాయుడు మొహమాటంగానే తెర ముందు కూర్చున్నాడు. ఊళ్లో రోడ్డు మీద బస్సు చక్కగా నడిచింది. ఘాట్ మొదలై చెట్లూ మంచూ ముంచుకొచ్చేసరికి, వాటిని గీయడానికి కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగింది. ఫ్రీ పెట్టె చేతులెత్తేసింది. తెర నల్లబడింది, కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అక్కడే ఆగింది.

“నా సెయ్యి పడితే ఇంతే తల్లీ. దీనికీ నాను అన్‌ఫిట్టే,” అని పైడినాయుడు లేచిపోయాడు.

“నేను తోలినా అక్కడే ఆగిపోయింది నాన్నా. నీ తప్పేం లేదు,” అంది తనూజ.

“నన్ను ఓదార్సడానికి సెప్తన్నావు. ఒగ్గీయమ్మా.”

ఆమె చెప్పింది నిజమే. ఆయన నమ్మలేదు. ఆ తర్వాత ఆమె ర్యామ్ పెంచింది, స్టీరింగ్ వైరు మార్చింది. ఆయన ఆ గదిలోకి రావడమే మానేశాడు.

ఇదంతా ఆమె మునీర్‌కు చెబుతుంటే అల్మారాలోంచి విన్నాను. విని నా సొంత కోపం మరిచిపోయాను. మునీర్ క్యాబినెట్ విప్పి, ఫ్రీ పెట్టె వైర్లు తీసి, నన్ను దించి తగిలించాడు. అదే ఆట పెట్టారు. ఘాట్ వచ్చింది. కార్డు గట్టిగానే అడిగింది, నేను వడ్డించాను. మంచు విడిపోయేదాకా బస్సు ఆగలేదు.

“కార్డుకు ఆకలి తీరలేదంతే మేడమ్, జబ్బేం లేదు,” అన్నాడు మునీర్.

తనూజ కాసేపు ఆ రంగుల ఫ్యాన్లకేసి చూసింది. అవి ఎర్రగా, పచ్చగా, మళ్లీ ఎర్రగా మారుతున్నాయి. “మా నాన్న వీటిని చూసి బాగున్నాయమ్మా అన్నారు,” అంది. ఆ రంగుల తేడా ఆయనకు తెలియదని ఆమెకు అప్పుడే తట్టింది. “ఈ ఫ్యాన్లు మీరు తీసుకోండి. మామూలువి వేసి, ఈ నల్లది నాకివ్వండి.” ఒక మనిషి లైట్లు వదులుకుని నన్ను కోరుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

నర్సీపట్నం చేరాక అసలు కష్టం మొదలైంది. పైడినాయుడు వీధరుగు మీంచి కదలనన్నాడు. తనూజ బతిమాలింది. చివరికి ఆయన భార్య గౌరమ్మ చీపురు పక్కన పడేసి వచ్చింది. “ఓపాలి కూకో. పిల్ల ఇంత బరువు మోసుకొచ్చింది, దాని మొకమైనా సూడు.”

కూర్చున్నాడు. ఘాట్ కింద చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ లైటు వెలిగింది. తనూజ తెరను వదిలి నాన్నకేసి చూసింది. ఆయన బస్సు సరిగ్గా గీత దగ్గర ఆపి, “పైది ఎలిగితే ఆగాల, కిందది ఎలిగితే ఎల్లాల. రంగుతో పనేటి?” అన్నాడు. కింది లైటు వెలిగాక కదిలించాడు. మునుపు ఆగిపోయిన చోటు దగ్గర పడేకొద్దీ ఆయన కాలు పెడల్ మీంచి వెనక్కి తగ్గుతోంది. భయపడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే కాలు తగ్గినప్పుడల్లా బస్సు నెమ్మదించి, కార్డు అడిగే కరెంటూ తగ్గేది. నువ్వు తొక్కవయ్యా, నేనున్నాను అని చెప్పాలనిపించింది. మాకు నోరుండదు కదా. ఉన్న ఫ్యాన్‌నే కొంచెం గట్టిగా తిప్పాను.

మంచు కమ్మింది. చెట్లు ముంచుకొచ్చాయి. కార్డు చేయి చాచింది, నేను పెట్టాను. ఆ చోటు దాటిపోయింది. ఆ పై మలుపూ దాటింది. పైడినాయుడు కాలు పెడల్ మీద నిండుగా పడింది.

“ఇక్కడ ఆరన్ కొట్టాల. ఎదరొచ్చీవోడికి మనం కనబడం,” అన్నాడు. ఇంకో మలుపులో, “సూసినావా ఆ లారీవోడు? కొండెక్కే బండికి దిగీవోడు దారియ్యాల. ఎవుడు నేర్పినాడ్రా నీకు,” అని తెరమీది లారీని తిట్టాడు. తిట్టిన కొద్దీ తల్లీకూతుళ్ల ముఖాలు విప్పారాయి. ఆ ఇంట్లో ఆయన అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో.

కొండ మీద ఊరు వచ్చింది. ఆటలో దాని పేరు ఇంకేదో రాసి ఉంది. ఆయన బ్రేకు వేసి, కుర్చీలో వెనక్కి తిరిగాడు. “సింతపల్లి వొచ్చీసింది. దిగీవోల్లు దిగండి.”

“నాకు టికెట్టు లేదు,” అంది గౌరమ్మ, నవ్వు ఆపుకుంటూ.

“డ్రైవరు పెళ్లానికి పాసుంటాది కదే,” అన్నాడు పైడినాయుడు.

డ్రైవరన్న ఆ మాట తన నోటనే వచ్చిందని ఆయనకు కాసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక స్టీరింగ్ మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. తనూజ వంటింట్లోకి వెళ్లి ఏడ్చుకుని వచ్చింది.

ఇప్పుడు రోజూ గేటు డ్యూటీ దిగాక ఒక ట్రిప్పు ఉంటుంది. డిపోలో కుర్రడ్రైవర్లు కూడా వచ్చి పక్కన నిలబడుతున్నారు. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలో ఆయన చెబుతుంటాడు, వాళ్లు ఊఁ కొడుతుంటారు. నాకు నిండా పని. నా జాతివాళ్లకు అంతకన్నా సుఖం లేదు.

మొన్న దసరాకి ఆయన పొద్దున్నే డిపోకు వెళ్లి బస్సులకు కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. వచ్చి, ప్లగ్గు తీసేసి, క్యాబినెట్ తలుపు విప్పాడు. “ఇందులో ఇంజినేది తల్లీ?” అని అడిగాడు. తనూజ ప్రాసెసర్‌ను చూపించింది, కార్డును చూపించింది. ఆయన రెండింటికీ దణ్ణం పెట్టి, వంగి, కుంకుమ వేలిని నా నల్లటి ఒంటి మీద అద్దాడు.

ఆ రంగు ఆయనకు సరిగా తెలియదు. నా ఒంటి మీది బొట్టు నాకు కనబడదు. ఎర్రగా ఉందని మాత్రం ఇద్దరికీ తెలుసు.