వస్తా అన్న మాట

లాల్ బాషా గేమింగ్ సెంటర్‌లో ఐదో కుర్చీకి ఎడమ చెయ్యి లేదు. ఎప్పుడో విరిగిపోయింది. ఆ కుర్చీ ఎప్పుడూ కళ్యాణికే మిగిలేది. ఒకవేళ ఆమె ముందొచ్చి మంచిదాంట్లో కూర్చున్నా, అవినాష్ వచ్చి వెనక నిలబడి మోకాలితో కుర్చీని పొడిచేవాడు.

"లెయ్ పాపా. కెప్టెన్ సీటు."

లేచేది. కుర్చీ కోసం కొట్లాడితే జట్టు పోతుంది. జట్టు నిలుస్తుందంటే ఎన్ని కుర్చీలైనా వదులుకోవచ్చు అనుకునేది.

ఆ ఆదివారంతో సీజన్ ముగుస్తుంది. జట్టులో కళ్యాణి ఉంటుందో లేదో ఆ సాయంత్రానికి తేలిపోవాలి.

వాళ్ళు ఆడేది తుపాకుల ఆట. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండోది పెట్టనివ్వకూడదు. పెట్టే చోట్లు రెండు, ఒకటి ఏ, ఇంకొకటి బి. ఊరికే కాలక్షేపానికి ఆడితే ఇంతకు మించి ఏమీ లేదు. ర్యాంకు ఆట సంగతి వేరు. అక్కడ గెలిస్తే పాయింట్లు పెరుగుతాయి, ఓడితే కొన్ని తరుగుతాయి. అట్లా పెరుగుతూ పోతే ఇనుము కంచవుతుంది, కంచు వెండి, వెండి బంగారం, చివరకు వజ్రం. ఎవరిని ఎవరి మీదికి వదలాలో ఆటే చూసుకుంటుంది. బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ ఎద్దుల్ని పాలపళ్ళ వాటితోనే దించినట్టు, ఒంటరిగా వచ్చిన మనిషికి తన స్థాయివాళ్ళనే నలుగురిని తెచ్చి జత చేస్తుంది. ఐదుగురూ కలిసి వస్తే, కలిసి వచ్చిన ఇంకో ఐదుగురిని ఎదురు నిలబెడుతుంది. సీజన్ ముగిసేనాటికి ఎవరు ఏ మెట్టు మీద ఉంటే ఆ ముద్రే వాళ్ళ పేరు పక్కన నిలుస్తుంది.

వచ్చేవారం జమ్మలమడుగులో ఒక ఫంక్షన్ హాల్లో టోర్నమెంటు ఉంది. ఐదుగురికీ వజ్రం ఉంటేనే జట్టును తీసుకుంటారు. అవినాష్‌కు, అస్లాంకు, పవన్‌కు, అన్సర్‌కు వజ్రం ఉంది. కళ్యాణి బంగారం చివరి అంచున నిలబడి ఉంది. ఒక్క గెలుపు చాలు.

"బంగారమంటే మన ప్రొద్దుటూరులో యా సందులో దూరినా దొరుకుతాది పాపా," అని సెంటర్ యజమాని లాల్ బాషా ఎగతాళి చేసేవాడు. "వజ్రం తే, చూస్తాం."

అవినాష్‌ది పులివెందుల. చీనీ బత్తాయి తోటలున్న ఇల్లు, నలుగురు వెంట తిరిగే తండ్రి. ఇక్కడ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి ఒక మేనమామ కొడుకు ఉన్నాడు. ఐదో మనిషిగా వాణ్ణి పెట్టుకోవాలని మొదటినుంచీ అవినాష్‌కు ఆశ. కానీ ఆ పిల్లోడు రెండు సీజన్లుగా వెండి దాటలేక అక్కడే దొర్లుతున్నాడు. కళ్యాణిని జట్టులోకి తెచ్చింది అస్లాం. డిగ్రీలో ఆమె క్లాసువాడు.

మధ్యాహ్నం మ్యాచ్ చివరిదాకా సమంగా వచ్చింది. ఆఖరి రౌండు. వీళ్ళవైపు ఏ దగ్గర అవినాష్, కళ్యాణి మిగిలారు. ఎదుటివాళ్ళు కూడా ఇద్దరే. కళ్యాణికి హెడ్‌ఫోన్‌లో బి వైపు అడుగుల చప్పుడు వినబడింది. బాంబు అటు పోతోంది. ఆమె అటు తిరిగింది. తిరుగుతూ మైకులో, "అన్నా, వస్తా" అంది.

గోడచాటున ఉన్న అవినాష్‌కు ఆ మాట వినబడింది. వెనక కాపుకు మనిషి వస్తోంది కదా అని గోడ దాటి బయటికొచ్చాడు. వెనక ఎవరూ లేరు. గుండు తగిలి పడిపోయాడు. బి దగ్గర ఒంటరిదైపోయి కళ్యాణీ పడింది. తెరంతా ఎర్రగా అయ్యింది.

అవినాష్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద కొట్టాడు.

"యాడ చస్తివి?"

"బి కాడికి పోయినా."

"వస్తా అంటివే!"

"అవు. పోయేటప్పుడు చెప్పినా గదా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అస్లాం పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఒరేయ్, ఆ పాప నీకు చెప్పి సెలవు తీసుకునిందిరా! పోయొస్తా అని!"

అవినాష్ నవ్వలేదు. "ఏమ్మే, పేరంటానికొచ్చి పోతాండావా? బొట్టు పెట్టి, రవికె గుడ్డ చేతిలో పెట్టి పంపీల్నా? ఇంట్లోంచి పోయేది వేరే, బాంబు కాడ్నుంచి పోయేది వేరే. పోతాండా అని చెప్పేదానికి నోరు రాల్యా?"

"రాదు," అంది కళ్యాణి.

ఎదురు చెప్పాలని కాదు. నిజంగానే రాదు. వాళ్ళ ఊరు కొండాపురం దగ్గర, గండికోట రిజర్వాయరు నీళ్ళల్లో మునిగిన ఊళ్ళల్లో ఒకటి. గొర్రెల మందను ముందు తోలి, సామానంతా ట్రాక్టర్‌కు ఎక్కించాక, వాళ్ళ అవ్వ పోలమ్మ ఇంటికి తాళం వేసింది. తలుపు మీద చెయ్యి పెట్టి, "వస్తామే తల్లీ" అంది. "మళ్ళా యాడొస్తామవ్వా, నీళ్ళొస్తాండాయి గదా," అని చిన్నపిల్ల కళ్యాణి అడిగితే వీపు మీద ఒక్కటిచ్చింది. "తెలుసులే. తెలుసని పోతాం అని నోటితో అంటామా?" కొత్త కాలనీకి వచ్చిన రెండో ఏడు అవ్వ చనిపోయింది. అక్కతో కళ్యాణి ఉంటున్న ఇంట్లో ఆ తాళంచెవి ఇంకా మేకుకు వేలాడుతోంది. ఆటలో కళ్యాణి ఐడీ పేరు పోలమ్మ. తెర మీద ఆ పేరు చూసి ఎదుటి జట్లవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఆమెకు పట్టేది కాదు.

"ఇంగొక్కటి ఆడదాం," అన్నాడు అవినాష్. "ఇప్పుడు పోయినవి కొన్ని పాయింట్లే, గెలిస్తే నీకు వజ్రం ఇంకా అందుతాది. ఓడితే సాయంత్రానికి నువ్వు బంగారంలోనే కుళ్తావు. చోటు వదిలి పోయేటప్పుడు పోతాండా అనల్ల. ఇంగోసారి వస్తా అన్న్యావంటే, రేపట్నుంచి ఆ కుర్చీలో మా మామ కొడుకు కూచ్చుంటాడు."

"వాడు వెండి గదరా," అన్నాడు అస్లాం.

"అది నేను చూసుకుంటా."

రెండో మ్యాచ్ మొదలైంది. అవినాష్ నోరు ఒక్క రౌండు కూడా ఊరుకోలేదు. కళ్యాణి ఎదుటివాణ్ణి కొడితే మాట్లాడడు. తప్పితే మాత్రం, "గొర్రెలు కాసే ఇంట్లో పుడితివి, ఒక మూల కాయలేవా?" అంటాడు. అన్సర్ చేసిన తప్పుకు కూడా ఆమెనే తిట్టాడు. పవన్ ఆ తిట్లకు తాళం వేసినట్టు చప్పరిస్తూ ఉన్నాడు. మొదటిసారి చోటు మారాల్సి వచ్చినప్పుడు కళ్యాణి, "నేను... బి కి..." అని ఆగింది. అవినాష్ బల్ల గుద్దాడు.

"అను!"

"పోతాండా," అంది. ఆ మాట నోట్లోంచి ఊడిన పన్నులా వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఏమన్నా అవుతుందేమో అని ఆ రౌండంతా భయపడుతూనే ఆడింది.

ఏమీ కాలేదు. రెండోసారి కాస్త సులువైంది. మూడోసారి ఆమెకే వింతగా అనిపించింది, అది వట్టి మాటే.

ఈ మ్యాచ్ కూడా చివరి రౌండుకే వచ్చింది. ఈసారీ వాళ్ళిద్దరే మిగిలారు, ఎదుటివాళ్ళు ఇద్దరు. "ఏ వదిలి పోతాండా, నువ్వు గోడ ఇడిసిపెట్టొద్దు," అంది కళ్యాణి. అవినాష్ గోడకు అతుక్కుని ఉండిపోయాడు. ఆమె మధ్య సందులోంచి చుట్టు తిరిగి, బాంబు పెట్టడానికి వంగినవాడిని వెనకనుంచి కొట్టింది. వాడికి కాపున్నవాడు తిరిగేలోపల వాణ్ణీ కొట్టింది.

తెర మీద పసుపుపచ్చ బంగారం బిళ్ళ పగిలి, పోలమ్మ పేరు పక్కన తెల్లటి వజ్రం వచ్చి కూర్చుంది. అస్లాం ఈల వేశాడు. లాల్ బాషా కౌంటర్ దగ్గర్నుంచి తొంగిచూసి, "తెచ్చె గదప్పా!" అన్నాడు.

కళ్యాణి ఇంకా తెరనే చూస్తోంది. వెనకనుంచి కుర్చీకి మోకాలు తగిలింది.

"ఐడీ, పాస్‌వర్డ్ ఇయ్యి," అన్నాడు అవినాష్.

"ఎందుకు?"

"టోర్నమెంటోళ్ళు ఐడీకి వజ్రం ఉందా లేదా అని చూస్తారు. ఆడేదెవరో చూడరు. నీ ఐడీతో మా మామ కొడుకు ఆడతాడు."

ఇందాక అది నేను చూసుకుంటా అన్నది ఇదన్నమాట అని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంతసేపూ వాడు గెలవాలని చూసింది ఆమె కోసం కాదు, ఆ బిళ్ళ కోసం.

"నేను గెలిచింది నేనే ఆడతా."

"నలుగురు మొగపిల్లోళ్ళతో జమ్మలమడుగు దాకా ఏమొస్తావు? మీ అక్క పంపిస్తాదా?"

"మా అక్క పంపిస్తా అనింది."

"మేం తీసకపోము. చాల్నా?"

కళ్యాణి మిగతావాళ్ళ వైపు చూసింది. పవన్ ఫోన్ తీశాడు. అన్సర్ హెడ్‌ఫోన్ వైరు చిక్కు తీయడం మొదలుపెట్టాడు. అస్లాం మాత్రం, "అది తప్పురా," అన్నాడు, కానీ మెల్లగా అన్నాడు.

"తప్పా? ఇయ్యకపోతే నలుగురం రిపోర్టు కొడతాం. తిట్టింది, ఆట చెడగొట్టింది అని. ఐడీ బ్యాన్ అయితాది. వజ్రం లేదు, పోలమ్మా లేదు."

"కలిసొచ్చినోళ్ళు ఒకరిమీద ఒకరు కొట్టే రిపోర్టు ఆ ఆట లెక్కపెట్టదు," అన్నాడు అస్లాం. ఈసారి కాస్త గట్టిగానే అన్నాడు.

కళ్యాణి ఐడీలోంచి బయటికొచ్చింది. తెర నల్లబడేదాకా ఆగింది. హెడ్‌ఫోన్‌ను బల్ల మీద పెట్టి లేచింది. అవినాష్ కళ్ళల్లోకి చూసి, తడబడకుండా అంది.

"పోతాండా."

వాడు ఇకిలించాడు. "ఆట అయిపాయ గదమ్మే. యాడికి, బి కా?"

పవన్, అన్సర్ నవ్వారు. అస్లాం నవ్వలేదు. "ఈసారి నీకు సరిగ్గానే చెప్పిందిరా," అన్నాడు. "ఇంగ గోడ వదిలి బయటికి రావొద్దు."

నవ్వు ఆగింది. నాలుగు వజ్రాలు, ఒక వెండి. జమ్మలమడుగులో ఆ లెక్క చెల్లదని అవినాష్‌కు అప్పుడే తలకెక్కినట్టుంది. "మ్మే, ఆగు. మాట్లాడదాం. కావల్లంటే నువ్వే ఆడు, మావోడు పక్కన కూచ్చుంటాడు," అన్నాడు. ఆమె ఆగలేదు. ఈ మాట గంట ముందు అని ఉంటే, చెయ్యి లేని కుర్చీలో ఏడాదంతా కూర్చునేది.

లాల్ బాషాకు లోపలి గొడవ సగమే వినబడింది. కౌంటర్ దాటుతుంటే ఆమెను పిలిచి మందలించాడు.

"ఏంది పాపా, పోతాండా అంటాండావు? తప్పు. వస్తా అనల్ల."

"అది వాళ్ళకు మామా."

"జట్టు ఇడిసిపెట్టినావా? మరి ర్యాంకు ఎట్ల ఆడతావు?"

"ఒంటరిగా వస్తా. నలుగురిని ఆటే తెచ్చిస్తాది, నా అంతోళ్ళని."

"వాళ్ళు గూడా తిడితే?"

ఆమె చెప్పులు తొడుక్కుంటూ కాస్త ఆలోచించింది.

"తిడితే ఆ ఒక్క మ్యాచే గదా," అంది. "వస్తా మామా."