దొంగ చేప పాఠం

మూడో తరగతి గదిలో కిటికీ ఊచలకు అడ్డంగా ఒక తాడు కట్టి ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి దాని మీద పుస్తకాలు బట్టల క్లిప్పులకు వేలాడుతూ ఉండేవి. అన్నీ ఒకటే పుస్తకం, సముద్ర జీవుల పాఠాలు. పేజీకో జీవి, దాని సంగతులు, కింద ప్రశ్నలు. చదివింది పిల్లలకు నిజంగా బుర్రకెక్కితే ఆ పేజీ తడిసేది. కాస్త అర్థమైతే అంచు మెత్తబడేది, బాగా అర్థమైతే చుక్కలు కారేవి. ఆ ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళు లేరు. అయినా అదెందుకు తడుస్తుందని ఎవరూ అడగలేదు. వానాకాలంలో గోడలకు చెమ్మ ఎందుకెక్కుతుందని ఎవరైనా అడుగుతారా? నేల మీద పడింది ఆయమ్మ తుడిచేది, పుస్తకాల్లో మిగిలింది ఎండ చూసుకునేది. పుస్తకాలు ఏడాది తిరక్కుండానే మట్టిగొట్టుకుపోతున్నాయని హెడ్మాస్టరు మాత్రం విసుక్కునేవాడు. ఆయన లెక్కలో మార్కులు వచ్చి పేజీ పొడిగా ఉన్న పిల్లలే మంచి పిల్లలు.

ఆ తరగతి చెప్పే ఆవిణ్ణి పిల్లలు చాటుగా తాళాల టీచర్ అనేవాళ్ళు. బీరువాకి తాళం వేసి లాగి చూసేది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగేది. బస్సులో పక్కావిడ నవ్వి పలకరిస్తే చేతిసంచి ఒళ్ళోకి జరుపుకునేది. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. వెనకటి బళ్ళో ఆవిడకో స్నేహితురాలు ఉండేది. ఒకే కంచంలో తిని, కష్టం సుఖం చెప్పుకున్న మనిషి. ఈవిడ నోరు జారిన ప్రతి మాటా మర్నాటికల్లా పెద్దల చెవిన పడేది. చివరికి ఈవిడ బదిలీ అయి ఇక్కడ తేలింది, ఆ స్నేహితురాలు ఈవిడ కుర్చీలో కూర్చుంది. పాము కరిచినవాడికి తాడు చూసినా వణుకే అంటారు. తాళాల టీచర్‌కి తాడు దాకా అక్కర్లేదు, దారప్పోగు చాలు.

ఆ ఏడాది ఆవిడ అనుమానమంతా పిచ్చుక మీద పడింది.

పిచ్చుక అసలు పేరు హాజరు పిలిచేటప్పుడే వినపడేది. పిడికెడంత పిల్ల, ఆఖరి బల్ల. వీధి మలుపులో ఇస్త్రీ బండి అతని కూతురు. ప్రశ్నలకు జవాబులు సగం వదిలేసేది, రాసినవి పుస్తకంలో వాక్యాలతో కలిసేవి కావు. మార్కులు అంతంత మాత్రం. కానీ తాడు మీద అందరికంటే ఎక్కువ కారేది ఆ పిల్ల పుస్తకమే. అదే ఫస్టు ర్యాంకు అబ్బాయి పుస్తకం చూడండి, ప్రతి జవాబూ రైటే, పేజీ మాత్రం ఇస్త్రీ చేసినట్టు ఫెళఫెళలాడేది.

టీచర్ రోజూ బడికి వచ్చేది ఆ ఇస్త్రీ బండి పక్కనుంచే. పిచ్చుక తండ్రి మూతకి చిల్లులు పొడిచిన సీసాతో బట్టల మీద నీళ్ళు చల్లుతూ కనపడేవాడు. ఇంకేం కావాలి? తండ్రి బట్టల మీద చల్లుతాడు, అర్థమైనట్టు కనపడాలని కూతురు పుస్తకం మీద చల్లుతుంది. ఈ మాట మనసులో పడ్డాక ఆవిడకి ప్రతిదీ సాక్ష్యంగానే కనపడింది. పిచ్చుక కిటికీలోంచి చూస్తే అదను కోసం. బల్ల కింద చెయ్యి పెడితే సీసా కోసం. ఊరికే కూర్చుంటే, పని అయిపోయి.

ఒకరోజు ఆవిడ పాఠం మధ్యలో ఆపి, పేజీల మీద నీళ్ళు పోసేవాళ్ళెవరో తనకు తెలుసని, వాళ్ళంతట వాళ్ళు చెబితే బాగుంటుందని అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపం ఎరగని నలుగురు తమ మంచినీళ్ళ సీసాలు సంచుల్లో దాచేశారు. పిచ్చుక కదల్లేదు. తల ఎత్తి చూసింది, అంతే. ఆరితేరింది అనుకుంది టీచర్. మర్నాడు ఆ పిల్ల సీసా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆ రోజు పాఠం జెల్లీ చేప. దానికి మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు, ఒళ్ళంతా దాదాపు నీళ్ళే. పిచ్చుక పేజీ తడిసింది. టీచర్ సంచి వెతికింది, చొక్కా చేతుల మడతలు విప్పించింది, జడ కూడా పిండి చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం తగ్గాల్సింది పోయి రెట్టింపైంది. టీచర్‌ని చూసి పిల్లలూ మొదలుపెట్టారు. పిచ్చుక దగ్గరికొస్తే సీసాలు గుండెలకు హత్తుకునేవాళ్ళు. నీళ్ళ దొంగ అని పేరు పెట్టారు. ఆ పిల్ల ఆటల గంట దాకా ఓర్చుకుని కుళాయి దగ్గర దోసిలి పట్టేది.

ఇంతలో హెడ్మాస్టరు కబురు పంపాడు. ప్రతి తరగతి నుంచీ ఒకర్ని వెనక గదికి పంపాలి. చదువు రాని పిల్లల కోసమని పెట్టిన గది అది. అక్కడ పాఠం చెప్పేవాళ్ళెవరూ ఉండరు. పిల్లలు పుస్తకాలకు అట్టలు వేస్తూ, జిగురు పూస్తూ పొద్దుపుచ్చుతారు. మూడో తరగతి నుంచి పిచ్చుక వెళ్తుందని అందరికీ ముందే తెలిసిపోయింది.

ఇస్త్రీ అతను వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు. గొడవకి రాలేదు. వెనక గదికైతే పంపనని, అక్కడ అట్టలు వేసే బదులు తన దగ్గర బట్టలు మడత పెడుతుందని, రేపో ఎల్లుండో మాన్పించేస్తానని చెప్పాడు. వెళ్ళబోతూ ఆగాడు.

"మా పిల్ల అబద్ధం ఆడదని నేను అననమ్మా. ఏ తండ్రైనా అదే అంటాడు. కానీ రోజూ ఇంటికొచ్చి ఆ చేపల సంగతి నాకు చెబుతుంది. నేను ఏది అడిగినా చెబుతుంది."

తీపి మాటల వెనక గాలం ఉంటుందని టీచర్‌కి తెలుసు. అయినా ఆ చివరి మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది. ఏది అడిగినా చెబుతుందా? మరి తను అడిగితే ఎందుకు చెప్పదు?

మర్నాడు ఆవిడ ఒక ఉచ్చు పన్నింది. బోర్డు మీద పాఠం రాసింది: "లోతు నీళ్ళలో ఒక తిబురం ఉంటుంది. అది పొద్దున్నే మూడు గుసరాలను లమికి, సాయంత్రం కిమురుగా పడుకుంటుంది." కింద ప్రశ్నలు. తిబురం ఎక్కడ ఉంటుంది? పొద్దున్నే ఏం చేస్తుంది? సాయంత్రం ఎలా పడుకుంటుంది? అలాంటి జీవి లేదు, ఆ మాటలకు అర్థాలూ లేవు. రాత్రి కూర్చుని తనే అల్లింది. పెన్సిళ్ళు గబగబా కదిలాయి. ఫస్టు ర్యాంకు అబ్బాయి అందరికంటే ముందు లేచాడు. మూడు గుసరాలను లముకుతుంది, కిమురుగా పడుకుంటుంది. తరగతి తరగతంతా నూటికి నూరు.

పిచ్చుక కాగితం మీద ఒక్కటే ఉంది. "తిబురం అంటే ఏంటి టీచర్?"

ఆవిడ ఆ కాగితాల కట్ట ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. ఇన్నేళ్ళూ తను మార్కులు వేసింది దేనికి? ప్రశ్నలో మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని తోక పట్టుకుని బయటికి లాగితే చాలు. చదవక్కర్లేదు. మొదటిసారి ఆవిడ అనుమానం తన మీదికే తిరిగింది. అయినా పిచ్చుకని వదల్లేదు. తెలివి దొంగలకీ ఉంటుంది.

భోజనాల వేళ పిచ్చుకని ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. చేతులు తన తువ్వాలుతో తనే తుడిచింది. దగ్గర్లో నీటి బొట్టు లేదు. ఎదురుగా తన పుస్తకం కూడా తెరిచి, ఆ ఏడాది ఇంకా చెప్పని పాఠం ఒకటి చదవమంది.

అది శుభ్రం చేసే చేప పాఠం. చిన్న చేప. ఒకచోట ఉండి నాట్యం చేస్తుంది. పెద్ద చేపలు అక్కడికొచ్చి నోరు తెరిచి కదలకుండా నిలబడితే, వాటి ఒంటి మీదా మొప్పల్లోనూ ఉన్న పురుగుల్ని తిని శుభ్రం చేస్తుంది. దాని పోలికలతోనే ఇంకో చేప ఉంది. అదే రంగు, అదే చార, అదే నాట్యం. పెద్ద చేప నమ్మి దగ్గరికొస్తే ఒక కండ ముక్క కొరుక్కుని పారిపోతుంది. కింద ఆఖరి ప్రశ్న: పెద్ద చేప దొంగ చేపను ఎలా గుర్తుపడుతుంది?

"గుర్తుపట్టదు టీచర్," అంది పిచ్చుక.

"పుస్తకంలో అలా ఉందా?"

"లేదు. రెండూ ఒకేలా ఉంటాయని ఉంది. ఒకేలా ఉంటే ఎలా గుర్తుపడుతుంది? కరిచాకే తెలుస్తుంది."

"తెలిశాక?"

పిచ్చుక ఆలోచించింది. "ఇంక ఎవర్నీ రానివ్వదు. మంచి చేప వచ్చినా నోరు మూసేసుకుంటుంది." పేజీ మీద వేలు పెట్టి, "మరి పురుగులెవరు తీస్తారు? పాపం, దానికి ఎప్పుడూ దురద పెడుతూనే ఉంటుంది కదా టీచర్," అంది.

పేజీ మెరిసింది. అక్షరాల మధ్య నీరు ఊరి, అంచు దాకా పాకి, బల్ల మీద నుంచి ధారగా జారింది. పిచ్చుక చప్పున రెండు చేతులూ పైకెత్తింది. ఎవరూ ఎత్తమనలేదు. టీచర్ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. వేలు తడిలో అద్ది నాలుక్కి రాసుకుంది. ఉప్పగా ఉంది. ఏ ఇస్త్రీ సీసాలోనూ ఉప్పు నీళ్ళు ఉండవు.

అప్పుడు ఆవిడకి మోచేతి కింద చల్లగా తగిలింది. తన పుస్తకం. ఏటా అదే పాఠం చెబుతూ వచ్చింది, ఒక్కనాడూ చెమ్మ ఎక్కని పుస్తకం. ఇప్పుడు రెండు ధారలూ కలిసి నేల మీదికి కారుతున్నాయి.

లేచి బీరువా తీసి, సీసా నింపుకొచ్చి ఇచ్చింది. "తాగమ్మా," అంది. పిచ్చుక గుక్క తిప్పుకోకుండా తాగింది.

పిచ్చుక తన తరగతిలోనే ఉంటుందని ఆవిడ చెప్పినప్పుడు హెడ్మాస్టరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇస్త్రీ అతను మీ బట్టలు ఊరికే చేసిపెడుతున్నాడా ఏంటమ్మా?" అని నవ్వాడు. ఆవిడ మొహం వేడెక్కింది. అలాంటి నవ్వుతో తనూ ఎంతమందిని అడిగిందో గుర్తొచ్చింది. మీ తరగతి నుంచి ఎవరో ఒకరు వెళ్ళి తీరాలి కదా అన్నాడాయన.

"నేను వెళ్తాను," అంది.

వేళాకోళం అనుకున్నాడు. కాదని తెలిశాక, ఇందులో ఈవిడకి ఏదో లాభం ఉండే ఉంటుందని అనుమానపడ్డాడు. కానీ ఆ గదికి తనంతట తాను వెళ్తానన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆవిడ మనసు మారకముందే సరేనన్నాడు.

పిచ్చుక మూడో తరగతిలో కొత్త టీచర్ దగ్గర ఉండిపోయింది. తండ్రి మాన్పించలేదు.

వెనక గదిలో పిల్లలు చిన్నా పెద్దా కలగలిసి ఉండేవాళ్ళు. ఆవిడ జిగురు డబ్బాలు ఓ మూలకి జరిపి, సముద్ర జీవుల పుస్తకాలు పంచింది. ఎవరూ తల ఎత్తలేదు. ఇది కొత్త రకం శిక్ష అనుకున్నారు. ఆవిడ ప్రశ్నలడగడం మానేసి, మీరే అడగండి అంది. అదేదో వలలా తోచి వాళ్ళు నోళ్ళు మూసేసుకున్నారు. రోజులు గడిచాయి. పేజీలు ఎండిన ఆకుల్లా అలాగే ఉన్నాయి. ఆవిడ మాత్రం రోజూ వచ్చి వాళ్ళ మధ్యనే బల్ల మీద కూర్చుని చదివేది.

ఒక మధ్యాహ్నం సముద్ర గుర్రం పాఠం. దాంట్లో పిల్లల్ని కడుపు సంచిలో మోసేది తండ్రి. ఒక పొడుగు పిల్ల, రెండేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నది, ఉన్నట్టుండి పుస్తకం మీద రెండు అరచేతులూ పరిచి గట్టిగా నొక్కింది. టీచర్ దగ్గరికొచ్చేసరికి బెదిరి లేచి నిలబడింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేను పొయ్యలేదు టీచర్."

"తెలుసమ్మా," అంది టీచర్. ఆ పిల్లని కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. ఆ తండ్రి ఏం చేశాడు?"

ఆ పిల్ల మొదట తడబడింది, తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆయమ్మ తుడుపుగుడ్డతో గుమ్మం దాకా వచ్చి చూసింది. ఇప్పట్లో ఆగేలా లేదని గుడ్డ పక్కన పెట్టి, అక్కడే కూర్చుని వింది.