లెక్క ముగిసేదాకా తలుపు తీసే ఉండాలి

జర్మనీలోని మా సాక్సనీలో ఓట్ల లెక్కింపును ఎవరైనా వచ్చి చూడొచ్చు. తలుపు మూసి లెక్కిస్తే ఎన్నిక చెల్లదు. ఆ ఆదివారం సాయంత్రం మా ఊరు క్రోస్విట్జ్‌లోని ఫైరింజన్ షెడ్డులో మేయరు ఓట్లు లెక్కపెడుతున్నది ముగ్గురం: పాడి నడిపే హన్నెలోరె, ముసలి వడ్రంగి గెర్నోట్, నేను. పెద్దరికం హన్నెలోరెది.

మాతృభూమి పార్టీవాళ్లు ఊరంతా ఒకటే దండోరా వేశారు, ఓటేసే చోట ఇచ్చే పెన్సిలుతో గీసిన ఓట్లను మేం రబ్బరుతో చెరిపేస్తామని. జనం ఇళ్ల నుంచి పెన్నులు తెచ్చుకుని ఓటేశారు. అయినా పుకారు చావలేదు.

సగం లెక్కయ్యేసరికి కిటికీ పగిలి రాయొకటి గెర్నోట్ నుదుటికి తగిలింది. చూడ్డానికొచ్చిన నలుగురూ జారుకున్నారు.

“తలుపెయ్యవే హన్నీ, చంపేస్తారు!” గడ్డంలోకి నెత్తురు కారుతుండగా అరిచాడతను.

“వేస్తే ఎన్నికంతా మురిగిపోద్ది తాతా. వాళ్లక్కావలసిందీ అదే. లెక్కెట్టు.”

నేను ఫోన్ చేశాను గానీ పోలీసులు పక్క ఊరినుంచి రావాలి. ఈలోగా ముగ్గురు లోపలికి దూరారు. ముందున్నవాడు సిల్వియో, హన్నెలోరె చెల్లెలి కొడుకే. చేతిలో ఇనప గొట్టం.

“పెద్దమ్మా, రబ్బరెక్కడ దాచావ్?”

“నీ బుర్రలో చూసుకోరా, అక్కడేగా అంతా చెరిగిపోయింది! చూస్తానంటే నిలబడి చూడు. కుర్చీ వెయ్యనా?”

గొట్టం బల్లను చీల్చింది. రెండో దెబ్బ ఓట్ల మీద పడకుండా ఆమె వాటిపై బోర్లా పడుకుంది. మోచెయ్యి ఎండుకట్టెలా ఫట్టుమంది. లేవబోయిన గెర్నోట్‌ను ఇంకొకడు పొట్టలో తన్నాడు. నేను గోడనున్న గొడ్డలి లాగాను.

“దించవే!” హన్నెలోరె నామీదే కేకేసింది. “నువ్వు లెక్కెట్టేదానివి.”

సిల్వియో మళ్లీ గొట్టం ఎత్తాడు. వేలాడుతున్న ఆమె చెయ్యి చూసి కొట్టలేకపోయాడు.

“నెత్తురంటినవి చెల్లుతాయా?” కింద పడ్డ గెర్నోట్ మూలిగాడు.

“గుర్తు కనబడితే చెల్లుతాయ్.”

ఎడమచేత్తోనే ఒక్కొక్కటీ ఎత్తి చూపింది. నేను పేర్లు చదివాను. చివరికి ఆమె పెదాలు తడుపుకుని ఫలితం చెప్పింది. మాతృభూమి అభ్యర్థి టోర్‌స్టెన్ బ్రేజె గెలిచాడు.

మిగతా ఇద్దరూ ఈలలేశారు. అప్పుడే పోలీసులొచ్చారు, ఎవరు కొట్టారని అడిగారు.

“వీడు,” అంది హన్నెలోరె. “మా చెల్లెలి కొడుకు.”

“అదేంటి పెద్దమ్మా! మేమే గెలిచాంగా!”

“గెలిచింది బ్రేజె. నువ్వు జైలుకి పోతున్నావ్.”