పెళ్లి లేని రాట

నేను ఒక కరెంటు స్తంభాన్ని. సిమెంటుదాన్ని. భూమిలో పాతిన భాగం పోను, మూడు నిలువుల పైచిలుకు ఎత్తు నుంచి మనుషుల్ని చూస్తూ ఉంటాను. కాబట్టి వాళ్లంటే నాకు గౌరవం లేకపోతే ఆ తప్పు నాది కాదు. పైనుంచి చూస్తే ఎవరికైనా ముందు కనిపించేది నడినెత్తి. బట్టతల మీదికి పక్క వెంట్రుకలు లాక్కుని, ఎవరికీ తెలియదులే అనుకుంటూ ఛాతీ విరుచుకు నడిచే జాతిని ఎంతని గౌరవించను?

నేను పుట్టింది రాజమండ్రి దగ్గర ఒక యార్డులో. ఇనుప అచ్చులో తీగల్ని బిగలాగి, వాటి మీద కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక నీళ్లతొట్టిలో నానబెట్టారు. మనుషులు తమ పిల్లల్ని కూడా తొలి రోజుల్లోనే ఇలా బిగించి నానబెట్టి ఉంటే, గాలి ఎటు వీస్తే అటు వంగకుండా ఉండేవారేమో. కానీ వాళ్లు తమ పిల్లల్ని ఉయ్యాల్లో వేసి ఊపుతారు. ఊగడం అక్కడే అలవాటవుతుంది.

నన్ను మొదట కొన్నవాడు ప్లాట్ల వ్యాపారి. వరిచేలు పూడ్చి, మట్టిరోడ్డు వేసి, దాని పక్కన నన్నూ నాలాంటి మరికొందరినీ వరసగా నిలబెట్టాడు. తీగ మాత్రం వెయ్యలేదు. ఆదివారం వస్తే కార్లలో జనం దిగేవారు. "కరెంటు కూడా వచ్చేసిందండీ, చూసుకోండి!" అంటూ ఏజెంటు నా నడుం మీద చరిచేవాడు. అందరూ నన్ను చూసేవారు. ఒక్కడంటే ఒక్కడు తలెత్తి, ఈ స్తంభానికి తీగ ఉందా అని చూడలేదు. ఒకాయన భార్యను నా పక్కన నిలబెట్టి ఫోటో కూడా తీసుకున్నాడు. ఆ వ్యాపారి ఎటో పోయాక మేకలు వచ్చి నాకు వీపు రుద్దుకునేవి. మేకలు నన్ను స్తంభంగానే చూశాయి. నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఆ తరవాత సింహాచలం అనే కాంట్రాక్టరు నన్ను పెరికించి, పట్టుకుపోయి తన షెడ్డు వెనక పడేశాడు. తాయారు అక్కడికే వచ్చింది.

తాయారుకు నలభై దాటాయి. భర్త పోయాడు. ఒక సందులో ముందు ఇల్లు బావగారిది, వెనక ఇల్లు ఈమెది. వెనక ఇంట్లో రుబ్బుడు మిషను పెట్టుకుని ఇడ్లీ పిండి, దోసెల పిండి అమ్ముతుంది. మిషను తిరిగితే ఆమె ఇల్లు గడుస్తుంది, ఆగితే ఆగుతుంది. ఇక్కడ చిక్కేమిటంటే, ఆ మిషనుకు కరెంటు బావగారి మీటరు నుంచి గోడ మీదుగా వేసిన వైరులో వచ్చేది. ఆయన పేరు వీరభద్రరావు. మధ్యాహ్నం నిద్రకు చప్పుడైతే లేచి వచ్చి ఆ వైరు ఫీజు పీకేసేవాడు. పలకరింపు సరిగ్గా లేదనిపిస్తే పీకేవాడు. ఏమీ తోచకపోయినా పీకేవాడు. "మన ఇంటి కోడలు పిండి అమ్ముకోవడమేంటి, పరువు తక్కువ!" అనేవాడు. పరువుగా తినడానికి ఏముందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. సగం నలిగిన మినప్పప్పు డ్రమ్ములో వేడెక్కి పులిసిపోయేది. ఆమె దాన్ని ఎత్తి పారబోసుకునేది.

సొంత మీటరు పెట్టుకుందామంటే, రోడ్డు మీది స్తంభం నుంచి తీగ ఆయన డాబా మీదుగా రావాలి. "నా డాబా మీంచి తీగ వెళ్తే ఊరుకోను" అన్నాడు. అందుకని సందు మలుపులో, తాయారు జాగాలోనే, విడిగా ఒక స్తంభం పాతుకోవలసి వచ్చింది. అంటే నన్ను ఆ ఇంటికి రప్పించింది బావగారే. తన గొయ్యి తనే తవ్వుకోవడంలో మనిషిని మించిన ప్రాణి లేదు.

"చూడండమ్మగోరూ, దుక్కలా ఉంది" అన్నాడు సింహాచలం నన్ను తన్ని.

"పాతదేమో కదయ్యా?"

"స్తంభానికి వయసేంటండి? పెళ్లికొడుకా ఏటి! ఆయ్!"

గొయ్యి తవ్వే రోజు పొద్దున్నే వీరభద్రరావు బనీనుతో సందులోకి వచ్చాడు.

"ఏవమ్మా తాయారూ! ఇది సరిగ్గా మా పెరటి గుమ్మానికి ఎదురొస్తంది. ద్వారవేధ! ఇంటికి అరిష్టం, తెలుసా నీకు?"

"ఆ గుమ్మం మీరెప్పుడో మూసేశారు కదండీ బావగారూ. దానికి అడ్డంగా బీరువా కూడా పెట్టించారు."

"మూసినా గుమ్మం గుమ్మమే!"

కూలీలు గునపాలు ఆపి నిలబడ్డారు. పని అక్కడితో ఆగేదే. తాయారు కొంగు భుజం మీదికి లాక్కుని, గొంతు తగ్గించింది.

"మీకు తెలీనిదేముందండీ. పెద్దవారు. రెండడుగులు పక్కకి జరిపిస్తాను. ఎలాగూ పాతుతున్నాం కదా, మీ చేతి మీదుగా ఒక కొబ్బరికాయ కొట్టిస్తే శుభంగా ఉంటదని ఎదురుచూస్తన్నానండి. ఈ వీధిలో ఎవరింట పెళ్లికి రాటేసినా మీ చెయ్యే కదండీ."

ఆయన మొహం చూడాలి. అప్పటిదాకా పాము పడగలా లేచి ఉన్నవాడు, నాదస్వరం విన్నట్టు ఊగిపోయాడు. ఇదే నేను చెప్పేది. ఈ జాతికి అన్నం పెట్టకపోయినా ఫరవాలేదు, పెద్దరికం పెడితే చాలు. పగవాడి ఇంటికైనా వచ్చి కూర్చుంటారు.

"ఉత్త కొబ్బరికాయేంటి, నీ మొహం! పద్ధతీ పాడూ వద్దా? పసుపేదీ? నవధాన్యాలేవీ? మామిడి కొమ్మా, జమ్మి కొమ్మా తెండి. ఒసే సీతామాలక్ష్మీ, పాలు పట్రా!"

ఆయన జన్మలో పాతిన స్తంభాలన్నీ పెళ్లిరాటలే. వేరే రకం స్తంభానికి ఏం చేస్తారో తెలియదు, తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు. సింహాచలం తల గోక్కున్నాడు.

"అయ్యగోరూ, ఇది కరెంటు స్తంభవండి..."

"నువ్వూరుకోరా. పాతేది ఏదైనా పాతేదే. భూదేవికి తెలుసేంటి, అది కరెంటుదో కాదో?"

సీతామాలక్ష్మి, అంటే ఆయన భార్య, నాకు పసుపు రాసి బొట్లు పెట్టింది. వీరభద్రరావు పసుపు గుడ్డలో నవధాన్యాలు మూటగట్టి నా నడుంకి కట్టాడు. గోతిలో పాలు పోశాడు. పెళ్లిళ్లలో చదివేదే ముక్కుతో చదివాడు. ఇంతా జరుగుతుంటే, నన్ను కొనుక్కున్న తాయారు మాత్రం తలుపు వెనక నిలబడి ఉంది. భర్త పోయిన ఆడది రాట తాకకూడదట. అసలుమనిషి తలుపు వెనకా, అడ్డం పడినవాడు కొబ్బరికాయ ముందూ! మనుషులు దీన్ని ఆచారం అంటారు. మేకలకు ఇలాంటివి లేవు.

తాళ్లు కట్టి, "హైలెస్సా" అని నన్ను లేపారు. కూలీలకు పులిహోర పెట్టింది తాయారు. ఎక్కువ తిన్నది వీరభద్రరావు.

కరెంటాఫీసువాళ్లు వాళ్ల తీరికనుబట్టి వచ్చి తీగ లాగి, మీటరు బిగించి వెళ్లారు. జన్మలో మొదటిసారి నా నెత్తిన తీగ నిలిచింది. ఆ మధ్యాహ్నమే తాయారు మిషను వేసింది. గురగురమంటూ చప్పుడు సందంతా నిండింది.

వీరభద్రరావు నిద్రలేచాడు. అలవాటుగా వెళ్లి ఆ వైరు ఫీజు పీకాడు, చప్పుడు ఆగకపోతే మెయిన్ ఫీజు కూడా పీకాడు. ఆయన ఫ్యాను ఆగింది. ఆయన ఫ్రిజ్జు ఆగింది. మిషను ఆగలేదు. చేతిలో ఫీజు పట్టుకుని, చెమటలు కక్కుతూ, గోడ అవతలి చప్పుడు వింటూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను చూసిన మనుషుల్లో అంత నిజాయితీగా వెర్రిమొహం వేసినవాడు మరొకడు లేడు.

"సింహాచలాన్ని పిలవండ్రా! ఇప్పుడే పీకించేస్తాను! అది నా గోడ పునాదిలోకి వచ్చింది!" అని గంతులు వేశాడు.

సీతామాలక్ష్మి విస్తరాకులు కుడుతున్నది కాస్తా తలెత్తింది.

"ఏం పీకిస్తారు? రాటనా?"

"రాటేంటే! కరెంటు స్తంభం!"

"నవధాన్యాల మూట కట్టిందెవరు? పాలు పోసిందెవరు? నా చేత పసుపు రాయించిందెవరు? పెళ్లి జరక్కుండా రాట కదిపితే కీడని మొన్న కాంతమ్మగారింట్లో రాటేసేటప్పుడు అందరి ముందూ మీరే కదండీ చెప్పారు!"

"చెప్పాను... అయితే?"

"కీడు ఎవరికన్నారు?"

ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. రాట వేసిన చేతికన్నమాట.

నీరసంగా, "పోనీ ఎవరిదైనా ఒక పెళ్లి జరిపించేసి..." అన్నాడు.

"ఎవరిదండీ? ఆ పెరట్లో పెళ్లీడుకొచ్చిందల్లా ఆ మిషనే."

గోడ అవతల తాయారు నవ్వు ఆపుకోలేక దగ్గింది. తోడికోడళ్లిద్దరూ ఇది ముందే అనుకున్నారో, ఆ క్షణానికి తోచిందో నాకు తెలియదు. నాలో ఉన్నది ఇసుక, కంకర, సిమెంటు, ఇనుప తీగ. వీటిలో ఏది లేచి ఆయన చేతిని కొరుకుతుందో చెప్పండి? వితంతువు పొయ్యి ఆర్పడానికి జంకని మనిషి గుప్పెడు పసుపుకి జంకాడు. తాయారునైనా నేను నెత్తిన పెట్టుకోను. తనకు హక్కున్నదాన్ని అలా కొంగు లాక్కుని, పొగిడి తెచ్చుకోవడం నిటారుగా నిలబడే నాకు నచ్చదు. కానీ ఆమె ఏళ్ల తరబడి నిటారుగానే అడిగిందట. దొరికింది పులిసిన పప్పు.

పసుపు రెండు వానలకు పోయింది. మూట పిచ్చుకలు విప్పుకు తిన్నాయి. అయినా వీరభద్రరావు నా పక్కనుంచి వెళ్లేటప్పుడు కుడిచెయ్యి జేబులో పెట్టుకుంటాడు. మిషను రోజూ మధ్యాహ్నం తిరుగుతూనే ఉంది. ఆయన చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటున్నాడు. తాయారు ఇంటి మంచినీళ్లు కూడా ముట్టనని వీధంతా చెప్పి వచ్చాడు.

ఈమధ్య సాయంత్రాలు సీతామాలక్ష్మి నా వెనక నిలబడి గోడ మీదుగా ఒక స్టీలు గిన్నె అందిస్తుంది. అవతలి నుంచి అది నిండుగా తిరిగి వస్తుంది.

ఈరోజు పొద్దున ఆయన సందువైపు వరండాలో పీట వేసుకుని ఇడ్లీ తింటున్నాడు.

"ఎక్కడిదే ఈ పిండి? దూదిలా ఉన్నాయి."

"కొన్నానండి."

"ఇకనుంచి అక్కడే కొను."

"ఆ కొట్టు మధ్యాహ్నం పూటే నడుస్తదండి. మీరు పడుకున్నప్పుడు."

"నడవనీ, నాకేంటి?" అని ఆయన ఇంకో రెండు వెయ్యమని పళ్లెం చాపాడు.