బావ పెట్టుకున్న సెట్టింగులు

బావమరిదికి ఉద్యోగం ఇప్పించిన రోజే బావకు ఆఫీసులో ఎవరో చెప్పారు, ఏకు మేకవుతుంది జాగ్రత్త అని. ఆయన వింటేగా! ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చున్న ఆ మేకును చూసి పళ్లు నూరుకుంటున్నాడు.

ఊరికి నీళ్లు వదిలే పంపులన్నీ ఒకే కంప్యూటరు చెప్పుచేతల్లో నడుస్తాయి. వాటి వేళలు మార్చాలంటే నల్ల తెర మీద కమాండ్ కొట్టి, ఆ వేళల ఫైలును ఎడిటర్‌లో తెరవాలి. ఏ వేళ ఏ పంపుదో చెప్పే లైన్లు అందులో ముదురు నీలం రంగులో వస్తాయి. బావ కళ్లకు ఆ నీలం నలుపులో కలిసిపోతుంది. అందుకే తెర తెల్లగా, అక్షరాలు నల్లగా, లైన్ల పక్కన నంబర్లు పడేలా సెట్టింగుల ఫైల్లో ఎప్పుడో రాసిపెట్టుకున్నాడు. కళ్ల సంగతి బయటపడితే సీటు పోతుందని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉదయం ఇంజనీరు వచ్చి వెనక నిలబడ్డాడు. ఈ మిషను బాధ్యత ఇద్దరిలో ఎవరికివ్వాలో ఇవాళే తేల్చేస్తాడట.

"మూడో పంపు అరగంట ముందుకు జరపండి, చూద్దాం."

బావ ధీమాగా ఎడిటర్ తెరిచాడు. తెరంతా నలుపు. నంబర్లు లేవు. మూడో పంపు ఎక్కడుందో అంతుపట్టలేదు.

"నా సెట్టింగులేవిరా?"

"తీసేశాను బావగారూ. అందరూ వాడే మిషను కదా, మొదట్లో ఎలా వచ్చిందో అలాగే ఉండాలి," అన్నాడు బావమరిది, ఎక్కడలేని వినయం ఒలకబోస్తూ. "పోనీ నన్ను చదవమంటారా? నీలం అక్షరాలు మీకు ఆనవు కదా."

బావ వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఈ సంగతి తెలిసింది ఒక్క మనిషికే, తన భార్యకు. అంటే వీడి అక్కకు. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

"కనపడదా మీకు?" అన్నాడు ఇంజనీరు.

"తెల్ల తెర మీద బాగానే కనపడుతుంది సార్. ఒక్క నిమిషంలో మార్చేస్తాను."

"ఇన్నాళ్లూ దాచారన్నమాట. లేవండి."

బావ లేచాడు. ఆ కుర్చీలోకి బావమరిది జరిగి, దర్జాగా సర్దుకున్నాడు.

బల్ల మీద భార్య పొద్దున కట్టిచ్చిన క్యారేజీ ఉంది. బావ దాన్ని తీసి, కీబోర్డు పక్కన ఠపీమని పెట్టాడు.

"తినరా," అన్నాడు. "మీ అక్క నీకోసమే వండింది."