తలుపు లేని గది

ఆసుపత్రుల్లో రోగి మంచం పక్కన చక్రాల మీద నిలబెడతారే, ఇనప గొట్టాల చట్రానికి ఆకుపచ్చ గుడ్డ బిగించిన మూడు మడతల తెర, అలాంటి ఒక తెరను నేను. ప్రస్తుతం నరసరావుపేటలో ఒక పాతసామాన్ల కొట్టు వెనకాల, సైకిలు చట్రాలకూ విరిగిన బెంచీ కాళ్ళకూ మధ్య ఒరిగి ఉన్నాను. నా గుడ్డలో సగం చింపి ఎవరో మోటారు సైకిలు తుడుచుకున్నారు. పోనీలెండి. నన్ను కొలిమిలో వేసేలోగా ఒక పిల్ల సంగతీ, ఒక టీచరు సంగతీ ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక వెల్డింగు షెడ్డులో. నన్ను అతికిన మస్తాన్ మంచి పనితనం ఉన్న మనిషి. "ఆడవాళ్ళ వార్డుకంట, సందు కనపడకూడదు" అని మడత బందులు మూడుసార్లు విప్పి మళ్ళీ బిగించాడు. అక్కణ్ణుంచి తెనాలిలో ఒక చిన్న నర్సింగు హోముకు వెళ్ళాను. పదకొండేళ్ళు అక్కడే కొలువు. ఆ కొలువులో మనుషుల గురించి నేను నేర్చుకున్నది ఒక్కటే. కంటికి అడ్డం పడితే చెవికి కూడా అడ్డం పడ్డట్టేనని వాళ్ళ నమ్మకం. నన్ను బరబరా లాగి, ఆ తర్వాత వీధి చివరికి వినపడేంత గొంతుతో రోగిని అడగరాని ప్రశ్నలన్నీ అడిగేవారు. అవతలి మంచం మీదివాళ్ళు పైకప్పు వంక చూస్తూ అన్నీ వినేవారు. నాకది వింతగా ఉండేది కానీ తప్పుగా తోచలేదు. అప్పట్లో నేనూ నవ్వుకునేవాణ్ణి.

ఆ నర్సింగు హోము నడిపే డాక్టరమ్మ వయసు మీద పడి దాన్ని మూసేశాక, రెండు ఇనప మంచాలతో పాటు నన్ను నరసరావుపేటలోని ఒక పెద్ద ప్రైవేటు హైస్కూలుకు పంపారు. దాని పేరు ఇప్పుడు ఎందుకులెండి. పందొమ్మిది వందల మంది పిల్లలు. మంచాలు సిక్‌రూముకు పోయాయి. నేను మూడేళ్ళు మెట్ల కింద దుమ్ము కొట్టుకుంటూ ఉన్నాను.

ఆ ఏడు స్కూలు బ్రోషర్‌లో 'మా పాఠశాలలో స్టూడెంట్ కౌన్సెలర్ కలరు' అని వేయాలని కరస్పాండెంటు గారికి బుద్ధి పుట్టింది. వేశారు. వేశాక మనిషిని వెతికారు. అలా వచ్చింది సుగుణరాణి. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. సైకాలజీలో ఎం.ఏ. చదివింది. చేతిలో ఒక గుడ్డ సంచీ, అందులో రెండు పుస్తకాలు, ఒక నీళ్ళ సీసా. మనిషి దొరికింది కానీ గది దొరకలేదు. ఉన్న ఒక్క ఖాళీ గదిలోనూ పాత పరీక్ష పేపర్ల కట్టలు ఉన్నాయి. చివరికి లైబ్రరీలో కిటికీ వారగా ఒక మూల చూపించి, రెండు కుర్చీలు వేసి, మెట్ల కింది నన్ను తెచ్చి అడ్డం పెట్టారు.

ఆవిడ నన్ను తడిగుడ్డ పెట్టి తుడిచింది. కీచుమంటున్న చక్రంలో కొబ్బరినూనె చుక్క వేసింది. ఎవరైనా అడిగితే "నా గది లైబ్రరీలో ఉంది" అని చెప్పేది. పిల్లలు మాత్రం 'పచ్చ గది' అనేవారు. నా జన్మలో నన్ను గది అన్నవాళ్ళు వాళ్ళే. గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటే నాకు ఇవతల సుగుణరాణి, పిల్లలూ ఉంటే, అవతల ఆరడుగుల దూరంలో టీచర్లు కూర్చుని పేపర్లు దిద్దుకునే పొడవాటి బల్ల ఉంది. ఈ సంగతి ఆవిడకు తెలియక కాదు. గది కావాలని ఏడాదిలో అయిదు ఉత్తరాలు రాసి ఇచ్చింది. అయిదోసారి కరస్పాండెంటు గారే లైబ్రరీకి వచ్చి, నన్ను చేత్తో తట్టి, "తెర ఉందిగదమ్మా! ఆసుపత్రోళ్ళకే సరిపోయింది, మనకు సరిపోదా?" అన్నారు. అప్పటి నుంచి ఆవిడ పిల్లలతో గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టింది. కిటికీ బయట జనరేటరు మోగే వేళ చూసి కొందరిని రమ్మనేది.

ఆ గుసగుసలకు కూడా ఆవిడకు తీరిక ఉండనిచ్చేవారు కాదు. హిందీ సారు రాకపోతే క్లాసులో కూర్చోవాలి. స్లిప్ టెస్టులకు కాపలా కాయాలి. వేసవిలో అడ్మిషన్ల కోసం తల్లిదండ్రులకు ఫోన్లు చేయాలి. కౌన్సెలర్ ఖాళీగా ఉంటుందని అందరి నమ్మకం. ఏడ్చే పిల్లల పక్కన కూర్చోవడం పనిలా కనపడదు కదా. పిల్లలు వెళ్ళిపోయాక ఆవిడ ఒక్కతే కళ్ళు మూసుకుని, నుదురు నా ఇనప గొట్టానికి ఆనించి కాసేపు ఉండిపోయేది. అందరి మాటలూ ఆవిడ వింటుంది. ఆవిడ మాట వినేవాళ్ళు ఆ స్కూల్లో ఎవరూ లేరు.

లిఖిత పదో తరగతి పిల్ల. సోషల్ పరీక్షలో పేరు తప్ప ఏమీ రాయకుండా పేపరు ఇచ్చేస్తే, తెలుగు టీచరు చేయి పట్టుకుని తీసుకొచ్చింది. నాన్న వీరాంజనేయులుకు స్టేషన్ రోడ్డులో ఎరువుల కొట్టు. మొదటి రోజు ఆ పిల్ల అరగంట సేపు నా గుడ్డకున్న కుట్టు చూస్తూ కూర్చుని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. సుగుణరాణి కూడా ఏమీ అడగలేదు. "రేపు కూడా ఇట్టాగే కూర్చుందాం. మాట్లాడక్కర్లేదు" అంది.

రెండోవారం నాలుగు మాటలు వచ్చాయి. పరీక్ష అనగానే చేతులు చల్లబడతాయట. బాత్రూములోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడుతుందట. అక్కడ మాట గొంతులో ఉండగానే అటెండరు వచ్చి, "మేడం, సెవెన్త్ బి లో సారు లేరంట, మిమ్మల్ని పొమ్మన్నారు" అన్నాడు. సుగుణరాణి లేవలేక లేచింది. మళ్ళీ అలాగే ఇంకొకసారి. మూడుసార్లు ఆ పిల్ల మాట మధ్యలో తెగింది. తెగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి ప్రతిసారీ నాలుగైదు రోజులు పట్టింది.

చివరికి ఒక బుధవారం మధ్యాహ్నం, మొత్తం చెప్పింది. ఆ రోజు కరెంటు ఉంది, జనరేటరు మోత లేదు.

"అన్నయ్య ఇంటర్ తప్పిన కాడినుంచి ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోరు టీచర్. నేనైనా నిలబెట్టాలంటారు. నాకు పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడవు. పొద్దున్నే మెలకువ రాకుండా ఉంటే బాగుండనిపిస్తుంది."

సుగుణరాణి తొణకలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని మెల్లగా అడిగింది. "ఏమన్నా చేసుకోవాలనిపించిందా లిఖితా? నాకు నిజం చెప్పు. నేను కోప్పడను."

"లేదు టీచర్. లేవబుద్ధి కాదు, అంతే." మళ్ళీ తనే, "ఎవరికీ చెప్పరుగా?" అంది.

"నీకు ప్రమాదం తెచ్చే సంగతి నేనొక్కదాన్నే దాచుకోకూడదమ్మా. ఆ మాట ముందే చెప్పాను కదా. కానీ నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను. ముందు ఎవరికి చెబుదాం? నువ్వే చెప్పు."

పిల్ల నా గుడ్డ కుట్టు వెంట వేలు పోనిచ్చింది. "అమ్మకైతే సరే. మీరు పక్కనే ఉంటే నేనే చెబుతా. నాన్నకు అమ్మ నిదానంగా చెబుతుంది."

రేపు మధ్యాహ్నం అమ్మను పిలుద్దామనుకున్నారు. సుగుణరాణి తన ఫోన్ నంబరు రాసిచ్చి, ఏ వేళకైనా చేయమంది. గుంటూరులో తనకు తెలిసిన మంచి డాక్టరు ఉన్నారని కూడా చెప్పింది. లేచి వెళ్ళేటప్పుడు ఆ పిల్ల చిన్నగా నవ్వింది. నేను ఆ నవ్వు చూశాను. అవతలి వైపు కూడా చూశాను. లెక్కల మాస్టారు రామకోటయ్య ఎర్రకలం పట్టుకుని కదలకుండా కూర్చుని ఉన్నారు. చేతిలో పేపరు తిరగబడి ఉంది.

ఆయన చెడ్డవాడు కాదు. చాడీలు చెప్పే రకం అసలే కాదు. ఆ పిల్ల తండ్రి ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. విన్న మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. సాయంత్రం బెల్లు కొట్టాక వరండాలో నిలబడి ఫోన్ చేశారు. "ఒరే వీరాంజనేయులూ, అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో. చావు మాటలు మాట్లాడతందిరా" అన్నారు. లైబ్రరీ తలుపు తెరిచే ఉంది. నాకు వినపడింది. సుగుణరాణి అప్పటికే సెవెన్త్ బి పిల్లలను బస్సు ఎక్కించడానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున ప్రార్థన ఇంకా అయిందో లేదో, తండ్రి వచ్చాడు. కూతురి చేయి పట్టుకుని నేరుగా లైబ్రరీలోకి వచ్చాడు. నన్ను పక్కకు ఒక్క తోపు తోశాడు.

"నా కూతురికి పిచ్చని చెప్పింది నువ్వేనా? ఊరంతా తెలిశాక మేము తలెత్తుకు తిరగాలా వద్దా?"

కేకలు వేస్తున్నాడు కానీ కూతురి చేయి మాత్రం ఒక్క క్షణం వదలడం లేదు. మనిషి కోపంగా ఉన్నాడని అందరూ అనుకున్నారు. భయపడుతున్నాడని సుగుణరాణికి ఒక్కదానికే అర్థమైంది. "కూర్చోండి సార్, మంచినీళ్ళు తాగండి" అంటోంది. అప్పటికే లైబ్రరీ గుమ్మం దగ్గర నలభై మంది పిల్లలు మూగారు. లిఖిత వాళ్ళ వంక చూసింది. తర్వాత సుగుణరాణి వంక చూసింది.

"మీరు చెప్పనన్నారుగా టీచర్."

"నేను చెప్పలేదమ్మా."

"మనిద్దరమే ఉన్నాంగా."

ఆవిడ కళ్ళు నా మీద పడ్డాయి. తోపుకు నేను సగం మడతపడి ఉన్నాను. నా వెనక బల్ల, బల్ల మీద పేపర్ల కట్ట, కట్ట మీద ఎర్రకలం. ఆవిడకు అప్పుడు అర్థమైంది. పిల్లకు అర్థం కాలేదు. ఏడుస్తూ తండ్రి వెంట వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే టీసీ తీసుకున్నారు.

సుగుణరాణి వదిలిపెట్టలేదు. ఎరువుల కొట్టుకు వెళితే తండ్రి ముఖం చూడలేదు. ఇంటికి వెళితే తల్లి గేటు తీయలేదు గానీ, ఇవతలి నుంచి అందించిన డాక్టరు పేరూ నంబరూ ఉన్న కాగితాన్ని మాత్రం గుప్పిట్లో పెట్టుకుందట. ఈ సంగతి ఆవిడ రామకోటయ్యకే చెప్పింది. అప్పటికి ఆయన వచ్చి నా పక్కన తలొంచుకు నిలబడి ఉన్నారు.

"నేను మంచికే చెప్పానమ్మా" అన్నారు ఆయన.

"తెలుసు మాస్టారూ. మీరైనా ఏం చేస్తారు, చెవిన పడింది. ఆ మాట మీ చెవిన పడే చోట ఆ పిల్లను కూర్చోబెట్టింది నేనే." అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. ఆయన ఏం చేయాలో తెలియక ఎర్రకలం మూత పెట్టి తీస్తూ నిలబడ్డారు.

ఆరో ఉత్తరం ఇద్దరూ కలిసి రాశారు. ఈసారి పదిహేను మంది టీచర్లతో సంతకాలు పెట్టించింది రామకోటయ్యే. కరస్పాండెంటు గారు ఇంకా నసుగుతుంటే, ఆయన ఒక ఆదివారం వచ్చి, చొక్కా విప్పి పక్కన పెట్టి, పరీక్ష పేపర్ల కట్టలన్నీ తన చేతులతో బయటికి మోసేశారు. అలా సుగుణరాణికి గది వచ్చింది. నాలుగు గోడలు, ఒక కిటికీ, లోపలి నుంచి మూసుకునే చెక్క తలుపు. పిలిచినప్పుడల్లా క్లాసులకు పంపడం కూడా తగ్గింది. నన్ను ఆ గది బయట వరండాలో, పారేయాల్సిన సామాను పక్కన పెట్టారు. అక్కడే రెండేళ్ళు ఉన్నాను.

ఆ రెండేళ్ళలో ఎందరో పిల్లలు ఆ తలుపు తట్టారు. కొత్త పిల్ల వచ్చిన ప్రతిసారీ సుగుణరాణి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి ముఖం పరికించి చూసేది. ఎవరి కోసమో నాకు తెలుసు.

మొన్న జూన్‌లో లిఖిత వచ్చింది. పొడుగెదిగింది. జడ కత్తిరించుకుంది. ఇంటర్ కాలేజీలో ఏదో స్టడీ సర్టిఫికెట్ అడిగారట. తల్లి కూడా వచ్చింది, ఆవిడ చంకలో ఒక ఆసుపత్రి ఫైలు ఉంది. సర్టిఫికెట్ తీసుకున్నాక ఆ పిల్ల వరండా వెంట నడిచి వచ్చి, తలుపు మీది పేరు చదివి ఆగిపోయింది. లోపల ఎవరో పిల్ల ఉంది. తట్టడానికి చేయి ఎత్తి, దించేసింది.

"తట్టవే, ఒక్క నిమిషమేగా" అంది తల్లి.

"వద్దమ్మా. లోపల ఎవరో మాట్లాడుకుంటున్నారు."

నా పక్కనున్న విరిగిన బెంచీ మీద కూర్చుంది. పది నిమిషాలైంది. పావుగంటైంది. తల్లి గడియారం చూసుకుంది.

"నాలుగింటికల్లా గుంటూరు డాక్టరు గారి దగ్గరుండాలి. బస్సు పోతే మళ్ళీ కష్టం. అంత చెప్పాల్సిన సంగతేంటి?"

"ఆవిడ చెప్పలేదంటమ్మా. తెర అవతల నుంచి తానే విన్నానని రామకోటయ్య మాస్టారు నాన్నతో చెప్పుకుని బాధపడ్డారంట, మొన్ననే తెలిసింది. నేను ఆవిణ్ణి తప్పుగా అనుకున్నా. ఆ మాట చెప్పి పోదామని."

"ఇంకోసారి వచ్చినప్పుడు చెబుదువులే. పద."

ఆ పిల్ల లేచి, తలుపు వంక ఒకసారి చూసి, తల్లి వెనక వెళ్ళిపోయింది. వరండాలో మరెవరూ లేరు.

మరో అయిదు నిమిషాలకు తలుపు తెరుచుకుంది. సుగుణరాణి ఎనిమిదో తరగతి పిల్లను భుజం మీద చేయి వేసి క్లాసు దాకా దిగబెట్టి తిరిగొచ్చింది. నీళ్ళు తాగింది. ఖాళీ బెంచీ మీద కాసేపు కూర్చుంది, ఆ పిల్ల కూర్చున్న చోటే. రెండేళ్ళుగా ఆవిడ మోస్తున్న బరువును దించే మాట ఆవిడకు జానెడు దూరంలో నా దగ్గర ఉంది.

ఆ వారంలోనే పాత సామాన్ల బండి వచ్చి నన్ను తీసుకుపోయింది. పోకూడని మాట నాలోంచి అవతలికి పోయింది. చేరాల్సిన మాట నా దగ్గరే మిగిలిపోయింది.