ఎగువ నుంచి వచ్చిన మాట

ఆ నది ఐదు దేశాల్లో పారుతుంది. ఐదు చోట్లా ఐదు పేర్లు. ఏ పేరు రాసినా మిగతా నలుగురికీ కోపమే. అందుకని కాగితాల మీద వట్టి ‘నది’ అనే రాయించింది ఆవిడ. పటంలో సరిహద్దు గీతల మీద గొడవ వస్తే గీతలే తీసేయించింది. భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో ఆవిడకు కంఠతా వచ్చు. ఆఫీసులో వాళ్ళు చాటుగా ఆవిడను సర్దుబాటమ్మ అనేవారు. ఆ సంగతి తెలిసి నవ్వుకునేది.

ఉద్యోగం పేరు సమన్వయకర్త. సముద్రం పైకి వస్తోంది, వానలు కాలం తప్పుతున్నాయి, నది కిందికి దిగేసరికి సన్నబడిపోతోంది. ఉప్పునీరు నేలలోకి ఎంత దూరం ఎక్కుతుంది, ఏ ఊళ్ళలో ఇంకో తరం సాగు చేసుకోవచ్చు, ఏ ఊళ్ళు ఇప్పుడే కదలాలి అన్నది ఐదు దేశాల శాస్త్రవేత్తలు కలిసి తేల్చాలి. ఆ ‘కలిసి’ దగ్గరే వచ్చింది చిక్కంతా. ఒక దేశం వాళ్ళు నీటిలో ఉప్పు పైపైన కొలిచేవారు, ఇంకో దేశం వాళ్ళు అడుగున. ఒకరు పోటు మీద, ఒకరు ఆటు మీద. అందరి చేతా ఒకే లోతున, ఒకే వేళ కొలిపించడానికి ఏళ్ళు పట్టింది. బతిమాలింది, అలిగింది, మాట పట్టింపులకు పోయిన ఒక పెద్దమనిషి ఇంట్లో పెళ్ళికి విమానం ఎక్కి వెళ్ళి మరీ వచ్చింది.

అందరిలోకీ ఆవిడకు చేరువైనవాడు ఎగువాయన. నది పుట్టే దేశం ఆయనది. పైనున్న ఆనకట్ట నుంచి ఎప్పుడు ఎన్ని నీళ్ళు వదిలారో ఆ లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. ఆ లెక్కలు లేకపోతే మిగతా నాలుగు దేశాల కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే. మనిషి మితభాషి. ఆవిడను మాత్రం చెల్లెమ్మా అని పిలిచేవాడు.

ఆవిడ సొంత చెల్లెలు ఉండేది నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో. మరిదికి అక్కడ పొలం. కొన్నాళ్ళుగా పొలం చివర మడుల్లో నారు ఎర్రబడి చచ్చిపోతోంది. ఆవిడ వెళ్ళినప్పుడల్లా మరిది అదే మాట.

“వదినా, మీ పెద్దోళ్ళంతా ఏసీ గదుల్లో కూచుని తేల్చేదేదో తొందరగా తేల్చండి. ఉండమంటే ఉంటాం, పొమ్మంటే పోతాం. ఈ ఊగిసలాటే మా ప్రాణం తీస్తోంది.”

“ఈ ఆఖరి సమావేశంతో తేలిపోతుందయ్యా,” అని చెప్పి వచ్చింది ఈసారి.

ఆఖరి సమావేశం ఆవిడ ఆఫీసు భవనంలోనే పెట్టారు. పొడవాటి బల్ల, నీళ్ళ సీసాలు, గోడకు పెద్ద తెర. ఎగువ దేశం లెక్కలు చేరిస్తే నివేదిక పూర్తవుతుంది. ఎగువాయన వంతు వచ్చింది. ఆయన లాప్‌టాప్ తెరవలేదు. లేచి నిలబడి, జేబులోంచి కాగితం తీసి, చదవడం రాని పిల్లవాడిలా కూడబలుక్కుంటూ చదివాడు. నీటి వివరాలు ఇకమీదట దేశ భద్రతకు సంబంధించినవట. బయటివారికి ఇవ్వడం కుదరదట. ఇంతకాలం సహకరించినందుకు అందరికీ కృతజ్ఞతలట.

చదివి కూర్చున్నాడు. రెండో దేశం ఆయన తన కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

“వాళ్ళివ్వనప్పుడు మేమెందుకివ్వాలి? మావీ వెనక్కి తీసుకుంటాం.”

“అయ్యో, అలా అంటే ఎలాగండీ! మీవి ఇప్పటికే లెక్కల్లో కలిపేశాం కదా!” అంది ఆవిడ.

“అయితే తీసేయండి.”

ఆవిడ ఒక్కొక్కరి కుర్చీ దగ్గరికీ వెళ్ళింది. పోనీ పాత లెక్కలైనా ఉంచమంది. పోనీ దేశం పేరు లేకుండా వాడుకుంటామంది. ఎన్ని పోనీలు అన్నా ఎవరూ కరగలేదు. మధ్యాహ్నానికి అల్లికలో ఒక పోగు లాగితే బట్టంతా ఊడిపోయినట్టయింది. నిధులిచ్చే సంస్థ తరఫున వచ్చినావిడ సంచీ సర్దుకుంటూ, “మీ తప్పేం లేదు, మీరు చేయగలిగిందంతా చేశారు,” అంది. చావు ఇంట్లో పలకరింపులా ఉంది ఆ మాట.

ఎగువాయనను కారు దాకా సాగనంపడానికి ఆవిడే వెళ్ళింది. లిఫ్టులో ఇద్దరే.

“ముందే చెప్తే బాగుండేది కదన్నయ్యా.”

“నాకూ నిన్ననే చెప్పారు.”

మెట్ల దగ్గర కారు ఇంకా రాలేదు. అడగకూడదని తెలుసు. అడిగేసింది.

“లెక్కలు వద్దులే. ఒక్క మాట చెప్పు. మా చెల్లెలు వాళ్ళది చివరి ఊళ్ళలో ఉంది. పిల్లలున్నారు. ఉండమననా, వెళ్ళిపొమ్మననా?”

కారు వచ్చి ఆగింది. డ్రైవరు పెట్టె తీసుకుని డిక్కీ దగ్గరికి వెళ్ళాక, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

“పైన ఇంకో ఆనకట్ట లేస్తోంది. అది నిండడం మొదలైతే ఎండాకాలం కింద మీకు చుక్క రాదు, భూమిలో నీళ్ళు కూడా ఉప్పెక్కుతాయి. కదలమను. ఇప్పుడే.” ఆగి, మళ్ళీ అన్నాడు. “ఈ సంగతి తెలిసినవాళ్ళం మా ఆఫీసులో ముగ్గురమే. మీ ఊళ్ళల్లో పొక్కిందంటే ఎవరు చెప్పారో తెలుసుకోడానికి మా పైవాళ్ళకు ఒక పూట చాలు. నాకు పెళ్ళాం బిడ్డలున్నారు చెల్లెమ్మా.”

కారు వెళ్ళిపోయింది. ఆవిడ మెట్ల మీదే నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ లక్షల మంది కోసమని అడుగుతూ వచ్చిన ప్రశ్నకు, చివరికి తన వాళ్ళ కోసం మాత్రమే జవాబు సంపాదించుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

చెల్లెలు వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. మరిది మోటారు విప్పి ముందేసుకు కూర్చున్నాడు. ఇద్దరినీ లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

మరిది చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. కోపం రాలేదు, కంగారూ పడలేదు.

“మరి ఊళ్ళో వాళ్ళకు?”

“చెప్పకూడదయ్యా. ఆ మనిషి ప్రాణానికే ముప్పు.”

“అంటే మేమొక్కళ్ళమే మూటాముల్లె సర్దుకుని పోవాలా?”

“పిల్లల సంగతి చూసుకోవాలి కదా.”

“సరే, పోతాం. పొలం ఎవరికమ్మను? కొనేవాడు ఉన్నదల్లా మా పక్కాయనే. ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. మొన్న నాకు జ్వరమొస్తే మా పొలానికి నీళ్ళు పెట్టింది ఆయనే. ఇదంతా తెలిసి ఆయనకు అంటగట్టి పొమ్మంటావా వదినా?”

“అమ్మకుండా వచ్చేయండి. మా ఇంట్లో ఉందురుగాని.”

“ఎన్నాళ్ళుంటాం? వచ్చి ఏం చెయ్యను? నాకు ఇది తప్ప ఇంకోటి చేతకాదు.”

తడి బట్ట ఒకటి ఇంకా చెల్లెలి చేతిలోనే ఉంది, నీళ్ళు కారి నేల మీద మడుగు కడుతోంది.

“నువ్వు చెప్పకపోయినా బాగుండేదక్కా,” అంది. “తెలియనప్పుడు ఏదో ఆశ ఉండేది.”

అక్క వెళ్ళి తుడుపు గుడ్డ తెచ్చి నేల తుడిచింది.

ఇంతలో వాకిట్లోంచి కేక వినిపిస్తే ముగ్గురూ బయటికి వచ్చారు. పక్కాయన. లావుపాటి మనిషి, నవ్వితే కళ్ళు కనిపించవు.

“అక్కగారొచ్చారని తెలిసి వచ్చానండీ. చదువుకున్నవారు, మీ నోటి మాట ఒకటి కావాలి. పొలంలో బోరు వేయిద్దామనుకుంటున్నా. కాలవను నమ్ముకుంటే అయ్యేలా లేదు. వేయించమంటారా?”

ఆవిడ మరిది వైపు చూసింది. మరిది మోటారు వైపు చూశాడు.

“వద్దండీ,” అంది.

“ఎందుకనండీ?”

ఎగువాయన గుర్తొచ్చాడు. కూడబలుక్కుంటూ కాగితం చదివిన ఆ గొంతు గుర్తొచ్చింది.

“ఊరికేనే... ఒక ఏడాది ఆగి చూడండి.”

పక్కాయన పకపకా నవ్వాడు. “భలేవారే! ఊరికే ఆగితే మా పంట ఆగుతుందా? మీరు ఏదో కారణం చెప్తారని వచ్చాను. మా ఆవిడ కూడా ఇలాగే వద్దంటోంది లెండి, ఎందుకే అంటే చెప్పదు.” ఇంకాసేపు కబుర్లు చెప్పి, ఆవిడను వాళ్ళింటికి కూడా రమ్మని వెళ్ళిపోయాడు.

ఆఫీసు మూసేశారు. బల్లలు, తెర ఇంకో శాఖ వాళ్ళు పట్టుకుపోయారు. ఎగువాయన నుంచి మళ్ళీ కబురు లేదు. ఆవిడా పలకరించలేదు, పలకరిస్తే ఆయనకే చేటని. కొండల మీద మంచు కరగడం గురించి ఆరు దేశాలు కలిసి చేసే పనికి మనిషి కావాలని ఎవరో ఫోన్ చేస్తే, ఆలోచించి చెప్తానంది. ఆలోచించలేదు.

పైవారం చెల్లెలు ఫోన్ చేసింది. వెనకనుంచి పెద్ద చప్పుడు వినిపిస్తోంది, జనం కేకలు కూడా.

“పక్కాయన బోరు వేయించాడక్కా. నీళ్ళు పడ్డాయి. ఊరంతా ఇక్కడే ఉంది, అందరూ దోసిళ్ళు పట్టి తాగుతున్నారు.”

“ఎలా ఉన్నాయే?”

“తియ్యగా ఉన్నాయి.” ఆగి, గొంతు తగ్గించింది. “మీ మరిది కూడా మన పొలంలో ఒకటి వేయిస్తానంటున్నాడు.”

“వద్దని చెప్పలేకపోయావా?”

“ఏమని చెప్పనక్కా?”

ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదు. అవతల ఎవరో చెల్లెలిని పిలుస్తున్నారు, వచ్చి తాగమని.